పదకొండో ముడి

మొన్న బక్రీదుకు వారం ముందు ఆరాంఘర్ సిగ్నలు దగ్గర నా కారు పక్కన గొర్రెల లారీ ఒకటి వచ్చి ఆగింది. రెండు అంతస్తులుగా కర్రలు కట్టి, ఊపిరాడనంతగా గొర్రెల్ని నింపారు. ఒకటి మాత్రం కర్రల సందులోంచి తల బయటికి పెట్టి సరిగ్గా నా అద్దం వైపు చూస్తోంది. గొర్రె కంటిపాప మనలా గుండ్రంగా ఉండదు. ఎవరో పెన్సిలుతో అడ్డంగా గీత గీసి వదిలేసినట్టు ఉంటుంది. దాని దవడ తాపీగా ఆడుతోంది, పొద్దున మేసింది నెమరు వేసుకుంటోంది. అది ఎక్కడికి వెళుతోందో, దానికి ఎన్ని రోజులు మిగిలాయో నాకు తెలుసు. దానికి తెలియదు. ఆకుపచ్చ దీపం పడ్డా నేను కదలకపోయేసరికి వెనక ఆటో అతను పక్కకొచ్చి, "ఏందన్నా, గొర్రెకు బేరం జేస్తున్నవా ఏంది, జర తొవ్వ ఇయ్యి" అని పోయాడు. నేను కారు పక్కకు తీసి ఆపుకున్నాను. ఏడేళ్ళుగా నాలోనే పెట్టుకున్న ఒక సంగతి ఉంది. ఇక దాన్ని మోయలేనని ఆ రోడ్డు పక్కనే తెలిసింది.

మాది గోదావరి వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల నా చిన్నతనంలోనే హైదరాబాదు వచ్చేశాం, తరవాత బుద్వేల్‌లో స్థిరపడ్డాం. పశువులతో మా ఇంటికున్న సంబంధం పాల ప్యాకెట్టు వరకే. నేను రోడ్లు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. ఆ ఉద్యోగంలో సగం పని ఎర్ర కోన్లు పెట్టించడం, తక్కిన సగం పెట్టించామని కాగితం రాయడం. మొదట్లో మొదటి సగం ఎక్కువగా ఉండేది, పోనుపోను రెండో సగం పెరిగింది. ఏడేళ్ళ కిందట కొత్వాల్‌గూడ దాటాక, ఎయిర్‌పోర్టు గోడౌన్ల వైపు వెళ్ళే నాలుగు వరసల కొత్త రోడ్డు పని మా కంపెనీకి వచ్చింది. అది ఒక పాత గొర్రెల తొవ్వకి అడ్డంగా పోయింది. మ్యాపులో ఆ తొవ్వ లేదు. మ్యాపు గీసినవాళ్ళు బహుశా బాగా పొద్దెక్కాక వచ్చి ఉంటారు. అప్పటికి మంద దాటిపోయి, నేలమీద పెంటికలు కూడా ఎండిపోయి ఉంటాయి.

ఆ మంద ఒక తాతది. పక్క ఊరి మనిషి, డెబ్బై దాటిన వయసు, ఎండాకాలమైనా భుజం మీద గొంగడి దిగదు. ఎనభైకి పైగా గొర్రెలు, వాటికి ముందు మెడలో గంటతో ఒక మేకపోతు. గొర్రెలు తమంతట తాము ఎటూ పోవు, ముందొక మేక నడవాలి. ఆ పోతుని ఆయన సర్పంచి అని పిలిచేవాడు. "ఊళ్ళె సర్పంచి మాట ఎవడు ఇంటలేడు, ఈడనన్న ఒక సర్పంచి ఉండనియ్యి సారూ" అనేవాడు. రోజూ పొద్దున ఒకే వేళకి, ఒకే చోట, మా రోడ్డు దాటి చెరువు వెనక ఉన్న బీడు భూముల్లోకి వెళ్ళేవాళ్ళు. రోడ్డు ఇంకా తెరవలేదు కనక రెండు కొసలా బారికేడ్లు ఉండేవి, భయం లేదు. నేను చేతి గడియారం చూసుకుంటే ఆయన నవ్వేవాడు. ఆయనకి గడియారం తలపైన ఉండేది. పొద్దున దిగే ఒక పెద్ద విమానాన్ని గుర్తు పెట్టుకుని, అది రాకముందే గంట చప్పుడు వినిపిస్తే, "చూసినవా, మీ ఇమానం ఇయాల గూడ లేటే. నా సర్పంచి ఎన్నడన్న లేటయిండా" అనేవాడు. నిజానికి నేను ఆ ఏడాది అంతా గమనించాను. ఆ పోతు రోడ్డు మీద కాలు పెట్టే వేళ రెండు మూడు నిమిషాల తేడాతో ఒకేలా ఉండేది. ఆదివారం, పండగ, వాన, ఏదీ దానికి లేదు. నాకొక్కడికే ఆదివారం ఉండేది.

రోడ్డు పూర్తికావస్తున్న రోజుల్లో, మందని అక్కణ్ణుంచి తప్పించాలని పైనుంచి చెప్పారు. ఆ చోటుకి కిలోమీటరు దూరంలో రోడ్డు కింద నుంచి ఒక దారి కట్టాం. మనిషి వంగకుండా పోవచ్చు, గొర్రెలకు ధారాళంగా సరిపోతుంది. రేపటి నుంచి అటు తోలుకుపొమ్మని తాతకి చెప్పాను. ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, చేతిలో కర్రని నేలకి జానెడు ఎత్తున అడ్డంగా పట్టాడు. మంద అటే వస్తోంది. ముందు వచ్చిన గొర్రె ఆ కర్రని ఎగిరి దూకింది, రెండోది దూకింది, మూడోది దూకింది. అప్పుడాయన కర్ర తీసేశాడు. నాలుగోది దూకింది. అయిదోది దూకింది. అక్కడేమీ లేదు. ఉత్త నేల. అయినా మంద మొత్తం, ఒకదాని తరవాత ఒకటి, ఆ లేని కర్ర మీంచి దూకుతూనే పోయింది. నేను పెద్దగా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"గొర్రెకు రేపు అనేది లేదు సారూ, నిన్న ఉన్నది, గంతే. నిన్న ఏడ పోయిందో ఇయాల ఆడనే పోతది. రేపటికెల్లి అటు పోవాలె అని నువ్వు నాకు చెప్తవు, నాకు తెలుస్తది. నేను దానికెట్ల చెప్పాలె?"

మరెలా అని అడిగితే, పదిహేను రోజులు కావాలన్నాడు. దినాం కొంచెం కొంచెం జరపాలి. సర్పంచి ముందు పిడికెడు తుమ్మకాయ చూపిస్తూ, నిన్నటి చోటు కంటే అరవై డెబ్బై మీటర్లు అవతల దాటించాలి. అలా జరుపుకుంటూ జరుపుకుంటూ పదిహేనో రోజుకి కింది దారి నోటికి చేర్చాలి. దారి దూరమవుతుంది కనక రోజూ కొంచెం ముందుగా బయలుదేరాలి, దానికి తగ్గట్టు గొర్రెల ఆకలి వేళ కూడా జరగాలి. "కాళ్ళు మారినంత జల్ది కడుపు మారదు" అన్నాడు. అప్పటిదాకా రోడ్డు మీదికి బండ్లు రావు కదా అని అడిగాడు. రావు తాతా, పదిహేను రోజులదాకా తెరవరు, పూచీ నాది అన్నాను. ఆయన గొంగడి కొసన వేలాడే ఊలు పోగుల్లోంచి ఒకదాన్ని ఏరి ముడివేశాడు. రోజూ పొద్దున దొడ్డి తలుపు తీసే ముందు ఒక ముడి. చదువు లేని మనిషి, ఈతల లెక్కా వానల లెక్కా అన్నీ ఆ పోగుల్లోనే ఉంచుకునేవాడు. లెక్క తప్పడని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. పెళ్ళి ముహూర్తానికి ఇంకా ఎన్ని రోజులుందో కూడా కొందరు ఆయన్నే అడిగేవారు.

మొదటి వారం నేను రెండు మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి చూశాను. పని సాగుతోంది, కానీ చూడ్డానికి అదోలా ఉండేది. సర్పంచి కొత్త చోట దాటి అవతలికి పోయి, వెనక్కి తిరిగి మంద కోసం నిలబడేవాడు. గంట ఆగేది. మంద మొత్తం దాటేదాకా అది కదిలేది కాదు. కొన్ని ముసలి గొర్రెలు పాత చోట ఆగి, తలలెత్తి, అక్కడ ఎవరో ఉన్నట్టు చూసేవి. అయిదారు రోజుల తరవాత దాటే చోటు రోడ్డు మలుపులోకి వచ్చింది. ఒక పక్క తవ్విన మట్టి దిబ్బ అడ్డం, అటునుంచి ఏమొస్తుందో దగ్గరికొచ్చేదాకా కనబడదు. పాత చోటయితే తిన్నగా అరకిలోమీటరు కనిపించేది. బారికేడ్లు ఉన్నాయి కదా అనుకున్నాను. తాత కూడా ఆ దిబ్బ వంక చూసి, "ఈ నాల్గైదు దినాలు గడిస్తె సాలు" అన్నాడు. "ఈ మూల నాకు మంచిగ అనిపిస్తలేదు సారూ."

తొమ్మిదో రోజు ఆఫీసులో ఒక కాగితం నా ముందుకు వచ్చింది. రోడ్డు తెరవడానికి ముందు నింపాల్సిన పట్టీ. అన్ని గళ్ళూ నిండాయి, నాదొక్కటే ఖాళీ. "గొర్రెల దారి కింది మార్గం గుండా మళ్ళించబడినది. కాపరికి తెలియజేయబడినది" అని రాసి సంతకం పెట్టాలి. ఇంకో ఆరు రోజులైతే అది నిజమే అవుతుంది. పదిహేనో రోజుదాకా ఆ కాగితం ఆపితే రోజూ ఫోన్లు, రోజూ సంజాయిషీ. ఎలాగూ జరగబోయేదే కదా అని రాసేశాను. అందులో అబద్ధం చెబుతున్నట్టు కూడా నాకనిపించలేదు. జరగబోయేదాన్ని జరిగినట్టు రాయడం మా ఉద్యోగాల్లో అంత మామూలు. భూమ్మీద ఏ జంతువూ చేయలేని పని అది.

ఆ గడి నిండగానే, అనుకున్న రోజుకి ముందే రోడ్డు తెరిచేస్తారని నేను అనుకోలేదు. పదో రోజు సాయంత్రం మా పై అధికారి ఫోను చేశారు. "అన్నీ వచ్చేశాయి కదండీ, పదిహేను రోజులెందుకు? రేపు పొద్దున బారికేడ్లు తీసేస్తున్నాం" అన్నారు. వద్దండీ, మంద ఇంకా రోడ్డు మీదే దాటుతోంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, నిన్న నేను సంతకం పెట్టిన కాగితం సంగతి అడుగుతారు. "సరే సార్" అన్నాను. తాతకి ఫోను లేదు. ఆ ఊరికి బండి మీద అరగంట. ఆ సాయంత్రం మా బావమరిది కొత్త ఇంట్లో భోజనాలు, మా ఆవిడ అప్పటికే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దున మంద వచ్చే వేళకి ముందే వెళ్ళి ఆపేద్దామనుకున్నాను. భోజనాల్లో పూర్ణాలు బాగున్నాయని రెండోసారి వడ్డించుకున్నట్టు గుర్తుంది. ఎందుకు గుర్తుందో తెలియదు.

మర్నాడు నేను ఆలస్యంగా వెళ్ళలేదు. ఎప్పుడూ మంద దాటే వేళకి పది నిమిషాలు ముందే వెళ్ళాను. కానీ అది పాత వేళ. రోజూ కొంచెం ముందుగా బయలుదేరాలని ఆయన నాతో చెప్పిన మాట నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. బండి ఇంకా దూరంగా ఉండగానే గంట వినిపించింది. మోగి ఆగింది. అంటే సర్పంచి అవతలికి దాటి, వెనక్కి తిరిగి నిలబడ్డాడన్న మాట. ఆ తరవాత బ్రేకుల చప్పుడు, పొడుగ్గా, ఎంతకీ ఆగకుండా.

మలుపు తిరిగేసరికి నీళ్ళ ట్యాంకరు ఒకటి అడ్డంగా ఆగి ఉంది. దాని ముందు నేలమీద ఏముందో రాయను. రాయాల్సింది మరొకటి. మంద ఆగలేదు. అవతల పోతు నిలబడి ఎదురుచూస్తోంది కనక, దాని వైపు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. పడివున్న వాటి మీంచి ముందరి గొర్రె ఎగిరి దూకితే, తరవాతివి కూడా సరిగ్గా అక్కడే దూకుతున్నాయి. ఎక్కడా అరుపు లేదు, బెదురు లేదు, నిన్నటిలాగే ఉన్నాయి. రెండో వరసలో బండ్లు ఇంకా వేగంగానే వస్తున్నాయి. తాత గొంగడి విప్పి రెండు చేతులా ఊపుతూ రోడ్డు మధ్యలోకి పరిగెత్తాడు. నేను బండి దిగి అరిచాను, ఏమని అరిచానో తెలియదు. దిబ్బ చాటునుంచి వచ్చిన కారు ఆయన నడుముకి తగిలింది. మీద ఆకాశంలో అప్పటికే గద్దలు తిరుగుతున్నాయి. అవి ఎప్పుడు వచ్చాయో నేను చూడలేదు.

దవాఖానలో మూడో రోజు ఆయనకి పూర్తిగా తెలివి వచ్చింది. తుంటి ఎముక విరిగింది, ఇక మంద వెనక నడవలేడని డాక్టరు చెప్పాడు. ముప్ఫైకి పైగా గొర్రెలు పోయాయి. ఆపాటికి మా కంపెనీవాళ్ళు నా కాగితం చూపించి, చెప్పినా తాతే వినలేదని తేల్చేశారు. విచారణ కూడా అంతటితో ఆగింది. నేను ఆపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళాను. మంచం పక్కన ఆయన భార్య, ఊరంతా అవ్వ అని పిలిచే ఆవిడ, గొంగడి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన నన్ను చూసి, కళ్ళు తుడుచుకుని, ఆ గొంగడి కొస చేత్తో పట్టుకున్నాడు.

"సారూ, నువ్వు పదిహేను దినాలన్నవు. దీంట్ల పదకొండే ఉన్నయి. నాలుగు దినాలు ముడెయ్య మరిసిన. ఎట్ల మరిసిన్నో సమజైతలేదు. ముసలోన్ని అయిన."

నేను ఆ క్షణంలో చెప్పాలి. తాతా, నువ్వు మరవలేదు, ఆ రోజు పదకొండో రోజే, మాట తప్పింది నేను, అని. పక్కన అవ్వ ఉంది, నర్సు ఉంది, వాళ్ళ ఊరి మనుషులిద్దరు ఉన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "పోనీలే తాతా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాను. చేసింది నేను, క్షమించిందీ నేనే. ఆయన నా చేతిని కళ్ళకద్దుకున్నాడు. ఆ తడి ఇప్పటికీ నా వేళ్ళ మీద ఉంది.

నేను ఆ కంపెనీ మానేసి వేరే ఉద్యోగంలో చేరాను. ఆ ఊరి వైపు పోవడం మానేశాను. అప్పుడప్పుడూ ఆ ఊరివాళ్ళు ఎవరైనా శంషాబాద్‌లో తగిలితే కబుర్లు తెలిసేవి. మిగిలిన గొర్రెల్ని అమ్మేశారట. ఊళ్ళో ఎవరైనా పనికి ఆలస్యంగా వస్తే, "తాత ముడి లెక్కనా ఏంది" అని ఎగతాళి చేసేవారట. ముహూర్తాలకి రోజులు అడగడం అందరూ మానేశారట. ఆయన మంచంలో పడుకుని రోజంతా పోగులు ముడివేస్తూ, లెక్కపెడుతూ, విప్పుతూ ఉండేవాడట. మూడేళ్ళ తరవాత పోయాడు. ఆ కబురు విన్న రోజు నాకు, సిగ్గుపడుతూ చెబుతున్నాను, మొదట కలిగింది ఊరట.

లారీ కనబడిన రెండో రోజు ఆ ఊరు వెళ్ళాను. అవ్వ వాకిట్లో చేటలో కందులు చెరుగుతోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. "ఏం సారూ, గిన్నేండ్లకు తొవ్వ దొరికిందా" అని పీట వేసింది, చాయ్ పెడతానంది. వద్దని, కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కాగితం సంగతి, ఫోను సంగతి, సంతకం నాదేనన్న సంగతి. తలెత్తకుండా చెప్పాను. చెరుగుతున్న చప్పుడు మధ్యలో ఎక్కడో ఆగింది.

"అయితే ఆయన ముడి మరవలే."

"మరవలేదు అవ్వా. పదకొండు ఉండాలి, పదకొండే ఉన్నాయి."

ఆవిడ చేట నేల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నేను గూడ ఆయన్నే తిట్టిన సారూ" అంది చివరికి. "ముడెయ్య మరిసి మంద మొత్తం ఆగంజేసినవని అన్న. మూడేండ్లు అన్న. అన్నం పెట్టుకుంట అన్న, నీళ్ళు పోసుకుంట అన్న. ఒక్కనాడు గూడ ఎదురు మాట్లాడలే. సచ్చే దినం పొద్దుగాల గూడ నాలుగు దినాలు ఏడ పోయినయే అని నన్నే అడిగిండు. నాకేం తెలుసు, పో, నీ బుద్ధే పోయిందన్న."

నేను నా బరువు దింపుకోవడానికి వెళ్ళాను. అది ఇప్పుడు ఆ చేట ముందు కూర్చున్న మనిషి మీదికి ఎక్కింది. దాన్ని ఆవిడ ఎక్కడ దింపుకుంటుంది? క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్తె ఏమొస్తది. ఆయన్ను నగినోళ్ళందరు ఊళ్ళె ఉన్నరు, ఆళ్ళకు చెప్పు. నలుగురు సదివేటట్టు రాసి ఇయ్యి. నీకు రాసుడు మంచిగ వస్తది కదా."

ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు. వచ్చే ఆదివారం ఆ ఊరి పంచాయతీ దగ్గర నలుగురి ముందు నోటితో చెబుతాను, వినేవాళ్ళు ఉంటే. ఈలోగా ఇది రాశాను. రోడ్డు తెరిచింది పదకొండో రోజున. ఆయన ముడులు సరైనవి, నా సంతకం తప్పు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు పట్టింది ఏడేళ్ళు. నా వయసులో అది కొంత కాలమే. ఆయనకి మాత్రం, మిగిలి ఉన్న కాలమంతా అందులోనే అయిపోయింది.